పీకి మల్ల పెట్టు

దేవరకొండ బస్టాండు ఎనుక గల్లీల
జానిమియా వైండింగ్ షాపు.
వార్నిష్ వాసన.
గోడకు ఆనిచ్చిన కాలిన మోటర్లు పన్నెండు.
పదమూడోది నేనట,
పొద్దట్నుంచి ఒక్కతాననే కూసున్ననని.

నా ముంగల గోరంత చిప్పు.
బోరుల నీళ్లు అడుగంటితే
మోటరును తానే బందు వెట్టే బుద్ధి
దానికి నేర్పాలె.
నూట నలభై లైన్లు రాసిన.
నడుమ చిన్న ప్రోగ్రామరు, యూఎస్‌బీ కొనకు ఎర్రదీపం.
దీపం ఎలుగుతుంది.
చిప్పు ఇంటలేదు.

స్క్రీను మీద ఒక్కటే మాట:
పర్మిషన్ లేదు.

నాకు కొత్త మాటేం కాదు.
ఐటీఐల ఎలక్ట్రీషియన్ సీటు అడిగితె
కుట్టుమిషన్ల గది చూపిచ్చిండ్రు.
కని ఇది నా కంప్యూటరు.
రెండు కార్ల పత్తి ఏరిన పైసలతోటి కొన్న పాతది,
లినక్సు నేనే ఎక్కించిన.
నా ఇంటి కడపల నేనే నిలబడ్డ.

"సుడో కొట్టక్కా, అయిపోతది" అన్నడు ఖాజా.
కొట్టిన.
పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చిన.
అయిపోయింది, అబద్ధమెందుకు.
కని మనసొప్పలే.
డబ్బా మూత తీసేటందుకు గడ్డపారెందుకు?
రేపు ఈ పని ఖాజాకు అప్పజెప్తే
పదహారేండ్ల పోరని చేతుల
గా గడ్డపార వెట్టి పోవాల్నా?

ఎవరిదీ తలుపు అని చూసిన.
యజమాని రూటు. గుంపు రూటు.
బస్సు మూడు, డివైసు ఏడు.
పీకి వెడితే ఎనిమిది,
మల్ల పీకి వెడితే తొమ్మిది.
పూటకో నంబరు మార్చేటోన్ని
నంబరుతోటి ఎట్ల గుర్తుపడ్తం?
పుట్టినప్పుడు వెట్టిన పేరు గావాలె.

అడిగితె చెప్పింది:
ఇంటిపేరు పదహారు సి సున్నా,
సొంత పేరు సున్నా ఐదు డి సి.

ఒక ఫైలు తెరిచి ఒక్క లైను రాసిన.
ఈ ఇంటిపేరోడు, ఈ పేరోడు వస్తె
ప్లగ్‌డెవ్ గుంపుకు తలుపు తియ్యి.
సున్నా ఆరు ఆరు సున్నా.
ఆఖరి సున్నా కాడ జరసేపు ఆగిన.
అక్కడ గుడ ఆరు వెడితే
దారివోయే ప్రతోడు లోపలికే.
సున్నానే ఉంచిన.

పనిజెయ్యలే.

జానిమియా మూడు కాయిళ్లు చుట్టిండు గంతల.
నేను ఆ ఒక్క లైనునే చూస్తున్న,
బియ్యంల రాయి ఎతికినట్టు.
దొరికింది.
అడిగేకాడ రెండు సమానం గుర్తులుండాలె,
ఇచ్చేకాడ ఒక్కటి.
నేను అంతట ఒక్కటే వెట్టిన.
నీ ఇంటిపేరు ఇదేనా అని అడగాల్సింది పోయి
నీ ఇంటిపేరు ఇదే అని హుకుం జేసిన.
నన్ను గుడ శానమంది గట్లనే జేసిండ్రు,
నాకు తెలువాల్సింది.

దిద్దిన. రూల్సు మల్ల సదివిచ్చిన.
అయినా లేదు!
గప్పుడు యాదికొచ్చింది:
రూలు మారినా
అంతకు ముందే లోపలికొచ్చినోనికి పాతదే నడుస్తది.
ప్రోగ్రామరును పీకిన.
గుంపుల పేరు రాపిచ్చుకున్న నేను సుత
లాగౌట్ గావాలె గద, అయిన.
అది బల్ల మీద, నేను బయట మెట్ల మీద.
హాలియా బస్సు పోయింది.
ఒక చాయ్ తాగిన.

లోపలికొచ్చి పేరు చెప్పిన.
దాన్ని వెట్టిన.
గడ్డపార లేకుంట
చిప్పు నూట నలభై లైన్లు మింగింది.
ఖాజా నిచ్చెన మీదికెల్లి ఒంగి చూసి
"గింతేనా?" అన్నడు.

పొద్దుగూకంగ నేరేడుగొమ్ము నుంచి
రమావత్ లచ్చు వచ్చిండు స్టార్టరు కోసం.
"దినమంత ఏం జేసినవ్ బిడ్డా?"
"ఒక్క లైను రాసిన."
"ఒక్క లైనుకు గిన్ని పైసలా" అని
యాభై తక్కువిచ్చి పోయిండు.